మూడు చుక్కలు

రాయ్‌పూర్‌లో రైల్వే వ్యాగన్ షాపువాళ్లుండే డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో ఉమారాణి పిరికితనం తెలియనివాళ్లు లేరు. ఆ సంగతి ఎవరూ ఆవిడ వెనకాల చెప్పుకోరు, ముఖం మీదే చెప్పుకుంటారు. బల్లిని చూస్తే కేక పెడుతుంది. ఉరిమితే టీవీ ప్లగ్గు పీకేస్తుంది. గ్యాసు కట్టేశానా లేదా అని వీధి చివరి దాకా వెళ్లి మళ్లీ వెనక్కి వస్తుంది. అలాంటి మనిషి కాలనీ పిల్లల్ని పాత మారుతీ వ్యానులో ఎక్కించుకుని, ఉర్లా వైపు నుంచి ఇనుము మోసుకొచ్చే లారీల మధ్యలోంచి రోజూ బడికి తీసుకెళ్లి తీసుకొస్తుందంటే కొత్తవాళ్లు నమ్మరు. పాతవాళ్లు మాత్రం అంత భయం ఉన్న మనిషి కాబట్టే తమ పిల్లల్ని ధైర్యంగా ఆ వ్యానెక్కిస్తారు.

ఆ వ్యాను భర్త నాగబాబు మోజుపడి కొన్న సెకండ్‌హ్యాండ్ బండి. దాని తలుపు తీయడానికి ఒక పద్ధతి, మూయడానికి ఇంకో పద్ధతి. కొన్నాక నాగబాబుకి వ్యాగన్ షాపు డ్యూటీలతోనే సరిపోయింది, బండి టార్పాలిన్ కింద పడుంది. కాలనీ పిల్లల్ని తీసుకెళ్లే ఆటోవాడు ఒకసారి బిలాస్‌పూర్ వైపు తన ఊరికి వెళ్లి ఇక తిరిగి రాలేదు. పిల్లల తల్లులందరూ కలిసి ఉమారాణి గుమ్మంలోకి వచ్చారు. ఆవిడకి బండి నడపడం వచ్చు, బండీ ఉంది, ఆవిడ కూతురు చాందినీ అదే బడిలో చదువుతోంది. మీరే తీసుకెళ్లండంటూ "ఆప్ హీ లే జాఓ నా, భాభీ" అని బతిమాలారు. కాదనడానికి కూడా ఉమారాణికి భయమే. అలా ఒప్పుకుంది.

ఒప్పుకున్న రోజు నుంచి ఆవిడకి ఒక అలవాటైంది. పొద్దున సీట్లో కూర్చోగానే తాళం తిప్పదు. ముందు బ్రేకు తొక్కుతుంది. వదిలి మళ్లీ తొక్కుతుంది. పాదం కింద అది గట్టిగా నిలబడిందని తృప్తిపడ్డాకే బండి కదులుతుంది. వరండాలో పేపరు చదువుకునే మామగారు భీమారావుకి అది రోజూ దొరికే వినోదం.

"ఏటమ్మా, బండి తోల్తావా, పిండి దంపుతావా?" అనేవాడు.

"మీకేం మావయ్యా, మీరు నవ్వుతారు. వెనకాల ఇంతమంది పిల్లలున్నారు" అనేది ఉమారాణి.

భీమారావు నవ్వుకి ఒక కారణముంది. శ్రీకాకుళం జిల్లా నుంచి కుర్రతనంలోనే వచ్చి వ్యాగన్ షాపులో చేరి, రిటైరయ్యేదాకా ఆయన చేసిన పని గూడ్సు పెట్టెల బ్రేకులు. ఆ బ్రేకుల్లో నూనె ఉండదు, ఉన్నదంతా గాలే. రైలు పొడుగునా గొట్టంలో గాలి నిండుగా ఉన్నంతసేపు బ్రేకు వదిలి ఉంటుంది. గొట్టం తెగిందా, గాలి పోయిందా, బ్రేకులన్నీ ఒక్కసారిగా చక్రాల్ని కరిచి పట్టుకుంటాయి. అంటే బ్రేకు పాడైతే బండి ఆగిపోతుంది. ఆయన జీవితమంతా ఆ ఒక్క నమ్మకం మీద నడిచింది. "బ్రేకు పాడయితే బండి ఆగాల. అదీ బ్రేకంటే. అంత పెద్ద రైలుబండికి నేని భయం నీ డబ్బాకేటి?" అని కొట్టిపారేసేవాడు. కారు బ్రేకు దానికి సరిగ్గా తలకిందులని, అది పాడైతే బండి ఆగదని, ఉమారాణి ఎన్నిసార్లు చెప్పినా ఆ మాట ఆయన చెవి దాకా వెళ్లి అక్కడే ఆగిపోయేది.

ఆవిడకి ఆ సంగతి పుస్తకాల్లో చదివి తెలియలేదు. వ్యాను నడపడం మొదలుపెట్టిన మొదటి వానాకాలంలో, పిల్లల్ని దింపేసి ఖాళీగా వస్తుండగా, రైల్వే ఓవర్‌బ్రిడ్జి దిగుతూ బ్రేకు తొక్కితే కాలు మెత్తగా లోపలికి పోయింది. బురదలో దిగబడినట్టు పోయింది. ఒక్క క్షణం ఆవిడకి లోకమే కాళ్ల కింద లేనట్టనిపించింది. హ్యాండ్‌బ్రేకు లాగి, గేరు తగ్గించి, చివరికి రోడ్డు పక్కన ఇసక కుప్పలోకి పోనిచ్చి ఆపింది. దిగి అక్కడే ఇసకలో కూలబడింది. పిల్లలు లేరు, లేరు, లేరు అని తనకి తనే చెప్పుకుంటూ ఎంతసేపు కూర్చుందో తెలియదు.

భన్‌పురీలో మెకానిక్ ధనుంజయ్ సాహూ ఆ రోజు బండి విప్పి ఒక స్టీలు గ్లాసులోకి బ్రేకు ఆయిల్ తీసి చూపించాడు. కాఫీ రంగులో ఉంది. అందరూ దీన్ని ఆయిల్ అంటారు గానీ ఇది నూనె కాదని, గాల్లో తడిని పీల్చుకుంటుందని, ఏళ్ల తరబడి మార్చకపోతే అందులో నీరు చేరుతుందని, బ్రేకు వేడెక్కినప్పుడు ఆ నీరు మరిగి ఆవిరవుతుందని, అప్పుడు కాలు ఆవిరిని తొక్కుతుందే తప్ప బ్రేకుని కాదని చెప్పాడు. కొత్తది కొనుక్కురమ్మని పంపాడు. షాపువాడు నంబరు ఎంత పెద్దదైతే సరుకు అంత గొప్పదని, డాట్ ఫైవ్ తీసుకెళ్లమని మెరిసే సీసా ఒకటి చేతిలో పెట్టాడు. ధనుంజయ్ దాన్ని చూసి నెత్తి కొట్టుకున్నాడు.

"యే నహీ చలేగా, భాభీ. ఇది సిలికాన్‌ది. మన పాత బండికి కాదు, ఉన్నదాంట్లో కలవదు. నంబరు చూడొద్దు, బండిలో ఇది పోసే డబ్బా మూత చూడండి. మూత మీద ఏది రాసుంటే అదే."

మూత తుడిచి చూస్తే పసుపు మీద నల్లక్షరాలు కనిపించాయి. యూజ్ ఓన్లీ డాట్ త్రీ. మళ్లీ షాపుకెళ్లి, సీలు తీయని నీలం సీసా తెచ్చింది. అప్పటినుంచి ఆవిడ బుర్రలో మూత మీద రాసిందే వేదం. ప్రతి వానాకాలానికి ముందు పాతదంతా తీయించి కొత్తది పోయిస్తుంది. ఒకసారి సీలు విప్పిన సీసా మర్నాటికి మిగిలితే పారబోస్తుంది. దానికీ మామగారి వెక్కిరింత సిద్ధంగా ఉండేది.

ఆ ఇంట్లో నూనెని ఎవరూ నూనె అనరు, తేల్ అంటారు. అదో పాత నవ్వులాట. అత్తగారు రమణమ్మ కొత్తకాపురానికి వచ్చిన రోజుల్లో పక్కింటి ఛత్తీస్‌గఢీ ఆవిడ గిన్నె పట్టుకొచ్చి "తేల్ హై క్యా?" అని అడిగితే, తేలుందనుకుని చీర కుచ్చెళ్లు పైకెత్తి మంచమెక్కి కూర్చుందట. ఆ కథ చెప్పి చెప్పి నవ్వుకుని, చివరికి ఇంటిల్లిపాదికీ ఆ మాటే స్థిరపడిపోయింది. తలకి రాసుకునేది తేల్, బూరెలు వేయించేది తేల్, తలుపు బందులకి వేసేది తేల్. బ్రేకులో పోసేదీ తేలే.

ఆ ఏడు శ్రావణమాసంలో ఉమారాణిని చలిజ్వరం పట్టుకుంది. శనివారం పిల్లల్ని దింపి వచ్చేసరికి ఒళ్లు కాలిపోతోంది. అయినా వ్యాను ఆపాక బ్రేకు ఆయిల్ డబ్బా మీది గీత చూడ్డం మానలేదు. ఆయిల్ గీత కన్నా కిందికి ఉంది. ధనుంజయ్ దగ్గరికి వెళ్లే ఓపిక లేదు. దుప్పటి కప్పుకుని పడుకుంటూ మామగారిని పిలిచింది.

"మావయ్యా, బండిలో బ్రేక్ తేల్ తగ్గింది. కిటికీలో కొత్త నీలం సీసా ఉంది. కొంచెం పోసేయండి."

"అదెంత పని!" అన్నాడు భీమారావు.

"డబ్బా మూత మీద రాసుంటుంది. అది చూసి పొయ్యండి. మూత మీద ఎలా ఉంటే అలాగే."

"సదువుకున్నోణ్ణే, సూస్తాను" అని ఆయన కళ్లజోడు తుడుచుకుంటూ వెళ్లాడు. కొద్దిసేపటికి వచ్చి, అయిపోనాదని చెప్పాడు. ఉమారాణి ఆ మాట విని, మాత్ర వేసుకుని, ముసుగు తన్నింది.

జ్వరం తగ్గలేదు. సోమవారం నుంచి పిల్లల్ని తానే తీసుకెళ్తానని భీమారావు తాళం చెవి తీసుకున్నాడు. ఆయనకి లైసెన్సుంది, చెయ్యి నెమ్మది, కంట్లో శుక్లం తీయించుకున్నాక చూపు బాగా ఆనుతోంది. నాగబాబుకి షాపులో సెలవు దొరకలేదు. ఉమారాణికి ఇష్టం లేకపోయినా తల ఎత్తలేని స్థితి. సోమవారం సాయంత్రం మామగారు గుమ్మంలోంచే కేకేశాడు.

"నీ బ్రేకు నాను బాగుసేసినాను సూడమ్మా! ఇలగ కాలెడితే అలగ పట్టీస్తంది!"

పాపం, ఆ జ్వరంలో ఉమారాణికి ఆ మాట ఎంత చల్లగా వినిపించిందో! మంగళవారం బండి కొంచెం బరువుగా లాగుతోందని, పెట్రోలు కల్తీ అయి ఉంటుందని అన్నాడు. అది కూడా విని ఊరుకుంది.

బుధవారం పొద్దున భీమారావు పిల్లల్ని ఎక్కించుకుని వెళ్లిపోయాక, ఉమారాణికి కాస్త నెమ్మదించింది. లేచి కూర్చుని టీ తాగుతోంది. పక్కగదిలో రమణమ్మ పండరీ బజారువాళ్లిచ్చిన చీరలకి ఫాల్స్ కుట్టడానికి మిషన్ ముందు కూర్చుంది. తొక్కగానే మిషన్ కీచుమంది. ఇంకోసారి తొక్కితే ఇంకాస్త గట్టిగా కీచుమంది.

"ఓలమ్మ! నా మిషన్ తేల్ సీసా కాళీ అయిపోనాదేటి? మొన్ననే కదా కొన్నాను, ఎవులు తాగీసినారు?"

"కారిపోయిందేమో చూడండత్తయ్యా" అంది ఉమారాణి టీ ఊదుకుంటూ.

"కారనేదు. మీ మావ అట్టుకెల్లినారు, శనివారం. బండిలోకి తేల్ సాలనేదట, మిగతాది ఇది పోసినారట."

ఉమారాణి టీ గ్లాసు కింద పెట్టేసింది.

లేచి కిటికీ దగ్గరికి వెళ్లింది. నీలం సీసా అక్కడే ఉంది. సీలు విప్పి ఉంది. ఎత్తి చూసింది. నిండుగా ఉంది. మెడ దాకా, కొన్నది కొన్నట్టు ఉంది.

"చాలకపోవడమేంటత్తయ్యా? సీసా నిండుగా ఉంది కదా!"

"ఏమో, నాకేటి తెల్సు? మూత మీద మూడు సుక్కలే ఎయ్యమని రాసుందట. మూడు సుక్కలే ఏసినారట. ఆ సుక్కల్తో డబ్బా నిండదు కదా, అందుకని మిషన్ తేల్ పోసి గీత దాకా నింపినారట. ఆయన కంట్లో నాను మందు ఏసినట్టే తానూ లెక్కగా ఏసినారట, నాతో సెప్పి నవ్వినారు."

యూజ్ ఓన్లీ డాట్ త్రీ. ఓన్లీ అంటే మాత్రమే. డాట్ అంటే చుక్క. త్రీ అంటే మూడు. శుక్లం తీయించుకున్నాక నెలల తరబడి పూటపూటా కళ్లలో మూడు చుక్కలు వేయించుకున్న మనిషి, మూత మీద ఎలా ఉంటే అలాగే చేశాడు. ఉమారాణి చెప్పిందీ అదే కదా! ఇంకెప్పుడైనా అయితే ఆవిడ కడుపు పట్టుకుని నవ్వేది. ఇప్పుడు నవ్వు రాలేదు. బ్రేకులో నూనె చుక్క కూడా పడకూడదని, పడితే లోపలి రబ్బర్లు పూరీల్లా ఉబ్బి నాశనమవుతాయని ధనుంజయ్ ఎన్నోసార్లు చెప్పాడు. ఇలగ కాలెడితే అలగ పట్టీయడమేంటో, బండి బరువుగా లాగడమేంటో అన్నీ ఒక్కసారి అర్థమైపోయాయి. రబ్బర్లు శనివారం నుంచీ ఉబ్బుతున్నాయి. ఆ బండిలోనే పిల్లలున్నారు. ముందు సీట్లో, రోజూ తన కోసమని పోట్లాడి కూర్చునే చోట, చాందినీ ఉంది.

మామగారికి ఫోను కొట్టింది. వరండాలో ఛార్జింగు పెట్టిన చోటే అది మోగింది.

"అత్తయ్యా, స్కూటీ తాళం ఎక్కడ?"

"జొరంతో ఎక్కడికే?"

ఉమారాణి గోడకున్న మేకులన్నీ తడిమింది. నైటీ మీద చున్నీ కప్పుకుని, తాళం దొరకబుచ్చుకుని, స్కూటీ ఎక్కింది. హ్యాండిల్ వంకర్లు పోతోంది. వాన జల్లు ముఖాన కొడుతోంది. రోడ్డు మీద తెల్లగా ఏది కనిపించినా వ్యానే అనిపించింది. పాలబండిని చూసి వ్యాననుకుంది, అంబులెన్సుని చూసి వ్యాననుకుంది. అది ఎటు వెళ్తోందో తలతిప్పి చూడ్డానికి కూడా ధైర్యం చాలలేదు.

దేవుడా, ఓవర్‌బ్రిడ్జి ఎక్కకుండా చూడు. అదొక్కటే మొక్కుకుంది. ఇంకే మొక్కూ గుర్తు రాలేదు. ఇటు ఎక్కేటప్పుడు ఫరవాలేదు, అటు దిగేటప్పుడే. దిగేచోట నాలుగు రోడ్ల కూడలి. పొద్దున పూట సిగ్నలు దగ్గర లారీలు ఒకదాని వెనక ఒకటి నిలబడి ఉంటాయి. వాటి వెనక నుంచి బయటికి పొడుచుకొచ్చిన ఇనుప కడ్డీలకి ఎర్ర గుడ్డలు కట్టి ఉంటాయి. రోజూ ఆ ఎర్ర గుడ్డల్ని చూసే ఆవిడ దూరంగా బండి ఆపేది.

బ్రిడ్జి మొదట్లో బళ్లు ఆగిపోయి ఉన్నాయి. హారన్లు చెవులు పగలగొడుతున్నాయి. టీ బండి దగ్గర ఒకతను పైకి చూపిస్తూ పక్కవాడితో ఏదో అంటున్నాడు. "ఊపర్ స్కూల్ వాలీ వ్యాన్..." అన్నంతవరకే ఉమారాణికి వినిపించింది. మిగతా మాట లారీ హారన్‌లో కలిసిపోయింది. ఆగి అడగొచ్చు. అడగలేకపోయింది. అతని నోట్లోంచి వచ్చే తర్వాతి మాట వినడం కన్నా పైకి వెళ్లడమే నయమనిపించింది. ఫుట్‌పాత్ మీదికి స్కూటీ ఎక్కించి, తిట్లు తింటూ, పైకి నడిపింది.

బ్రిడ్జి నడినెత్తిన, ఎడమ అంచుకి చేరి, వ్యాను ఆగి ఉంది.

బోల్తా పడలేదు. దేనికీ గుద్దుకోలేదు. నిలబడే ఉంది. ముందు చక్రాల దగ్గర నేల తడిసి ఆవిరి లేస్తోంది, రబ్బరు కాలిన వాసన కొడుతోంది. కిటికీల్లోంచి పిల్లల తలలు కనిపిస్తున్నాయి. ముందు సీట్లో చాందినీ రెండు జడలు కనిపించాయి. ఆ జడల్ని చూడగానే ఉమారాణికి ఏడుపు తన్నుకొచ్చింది. పోయిన ప్రాణం తిరిగి వచ్చిందనుకునే లోపలే ఇంజను చప్పుడు మొదలైంది. భీమారావు మళ్లీ బండి స్టార్ట్ చేశాడు. బండి ముందంతా పల్లం.

అంత పిరికి మనిషి ఏం చేసిందంటే, స్కూటీని తీసుకెళ్లి వ్యాను ముందు అడ్డంగా పడేసింది. పడేసి, తాను దాని పక్కన వ్యాను ముక్కుకి ఎదురుగా నిలబడింది.

"హ్యాండ్‌బ్రేకు తియ్యకండి! మావయ్యా! తియ్యకండి!"

భీమారావు చెయ్యి అప్పటికే దాని మీద ఉంది. అద్దంలోంచి కోడలి అవతారం చూసి ఆయన బిత్తరపోయాడు. తల బయటపెట్టి అరిచాడు.

"సస్తావేటి! పక్కకి జరుగు! ఏటయిందని?"

"ముందు చెయ్యి తియ్యండి దాని మీంచి!"

ఆయన చెయ్యి తీశాడు. ఉమారాణి రోడ్డు అంచున ఉన్న సిమెంటు పెళ్ల ఒకటి మోసుకొచ్చి చక్రం ముందు తోసింది. అప్పుడు వెళ్లి తలుపు పట్టుకుంది. భీమారావు ముఖంలో కోపం కన్నా గర్వమే ఎక్కువుంది.

"బయపడి సచ్చిపోతావు నువ్వు. బ్రేకు పట్టీసింది, చక్రాలు కాలిపోనాయి, బండి దానంతటదే ఆగిపోనాది. నాను సెప్పనేదా? బ్రేకు పాడయితే బండి ఆగాల. ఆగింది! పిల్లల సీసాల్లో నీళ్లు పోసి సల్లబరిసినాను. ఇప్పుడు వదిలీసింది. ఇంక ఎల్లిపోవచ్చు."

ఉమారాణికి ఆ మాటతో కొత్త భయం పుట్టింది. ఈయన మాట నిజమైపోయినందుకు పుట్టిన భయం అది. ఆయన రైలు న్యాయం ఒక్కసారి కారులో కూడా పనిచేసింది. ఉబ్బిన రబ్బరు దారి మూసేసి చక్రాల్ని పట్టేసింది. ఆ వేడికి రబ్బరు చెడి, ఇప్పుడు బ్రేకు అసలు పట్టదేమో. ఇక ఈయన్ని ఎవరు ఒప్పించగలరు? వాదించే ఓపిక ఆవిడకి లేదు. గొంతు తగ్గించి అంది.

"మావయ్యా, ఒక్కసారి బ్రేకు తొక్కండి."

"ఎందుకు?"

"నా కోసం తొక్కండి. రోజూ నేను పిండి దంచుతానే, అలా ఒక్కసారి."

ఆయన నవ్వుతూనే తొక్కాడు. కాలు ఎక్కడా ఆగలేదు. పెడలు నేలకి తగిలి టక్కుమంది. ఆయన కాలు తీశాడు. అది పైకి రాలేదు, కిందే పడుకుని ఉంది. వంగి చేత్తో పైకి లాగి, మళ్లీ తొక్కాడు. మళ్లీ నేలే తగిలింది.

భీమారావు తల ఎత్తి ముందుకి చూశాడు. వైపర్లు తుడుస్తున్న అద్దంలోంచి పల్లం కనిపిస్తోంది. పల్లం చివర ఆగి ఉన్న లారీ, దాని వెనక కడ్డీలు, వానకి తడిసి వేలాడుతున్న ఎర్ర గుడ్డ కనిపిస్తున్నాయి. తర్వాత పక్కకి తిరిగి మనవరాలిని చూశాడు. చాందినీ సీటు మీద కాళ్లు ఆడిస్తూ, "దాదాజీ, చలో నా, ప్రేయర్ అయిపోతుంది" అంది.

ఆయన ఇంజను ఆపాడు. తాళం చెవి తీసి ఉమారాణికి ఇద్దామని చెయ్యి చాచితే అది చేతిలోంచి జారి కింద పడింది. తీయడానికి వంగి, అలాగే ఉండిపోయాడు. ఆయన వీపు అదురుతోంది. పెళ్లయి వచ్చినప్పటి నుంచి మామగారు భయపడగా ఉమారాణి ఎప్పుడూ చూడలేదు. చూశాక, చూడకపోతేనే బాగుండేదనిపించింది.

పిల్లల్ని ఒకరి చెయ్యి ఒకరికి పట్టించి, ఫుట్‌పాత్ మీదుగా నడిపించి ఇద్దరూ బడికి చేర్చారు. దారిపొడుగునా భీమారావు చాందినీ చెయ్యి వదల్లేదు. నొప్పెడుతోందని పిల్ల గింజుకున్నా వదల్లేదు. తిరిగి వచ్చేటప్పుడు బ్రిడ్జి దగ్గర ఆగి అడిగాడు.

"డాట్ అంటే సుక్క కాదేటమ్మా?"

"కాదు మావయ్యా. అది ఆయిల్ రకానికి పేరు."

"మూత మీద అలాగే ఉన్నాది మరి."

"అలాగే ఉంది. మీరు తప్పు చదవలేదు."

ఆ మాట ఆయన్ని ఓదార్చడానికే అంది గానీ, ఓదార్పు ఆయనకి తగిలినట్టు లేదు.

ధనుంజయ్ బండి తోయించుకుని వెళ్లి, బ్రేకు లోపలి రబ్బర్లన్నీ తీసి గోనె మీద పరిచాడు. కొత్తవాటి పక్కన పెడితే పాతవి ముట్టుకుంటే జారిపోయేంత మెత్తగా, వాటి చోట్లలో పట్టనంత లావుగా ఉన్నాయి. గొట్టాలు కడిగి, ప్రతి రబ్బరూ మార్చి, సీలు తీయని కొత్త డాట్ త్రీ సీసా ఉమారాణి కళ్ల ముందే విప్పి పోశాడు. ముందు మందలించబోయి, భీమారావు ముఖం చూసి మానుకున్నాడు. భీమారావు ఒక ఉబ్బిన రబ్బరుని తీసి తన జేబులో వేసుకున్నాడు.

ఉమారాణి జ్వరం తగ్గింది. మళ్లీ పిల్లల్ని తీసుకెళ్లాల్సిన రోజు వచ్చింది. పిల్లలందరూ ఎక్కి గోల చేస్తున్నారు. ఆవిడ సీట్లో కూర్చుని బ్రేకు తొక్కింది. గట్టిగా ఉంది. వదిలి మళ్లీ తొక్కింది. గట్టిగానే ఉంది. అయినా తాళం తిప్పడానికి చెయ్యి రాలేదు. అన్నీ కొత్తవేనని బుర్రకి తెలుసు, కాలికి తెలియడం లేదు. మొన్న ధైర్యంగా వ్యాను ముందు నిలబడిన మనిషే ఇవాళ వ్యానులో కూర్చుని చెమటలు కక్కుతోంది. దిగిపోయి, ఇక నావల్ల కాదని తల్లులకి చెప్పేద్దామనుకుంది.

వరండాలో పేపరు మడిచిన చప్పుడైంది. భీమారావు మెట్లు దిగి వచ్చాడు. ఎప్పటిలా వెక్కిరిస్తాడని ఆవిడ తల వంచుకుంది. ఆయన అటు తలుపు తీసి, చాందినీని ఎత్తి ఒళ్లో కూర్చోబెట్టుకుని, ముందు సీట్లో కూర్చున్నాడు. ఒక చేత్తో పిల్ల నడుం చుట్టి పట్టుకున్నాడు. రెండో చెయ్యి జేబులో ఆ ఉబ్బిన రబ్బరు మీద ఉంది. ముందుకే చూస్తూ అన్నాడు.

"ఇంకోపాలి తొక్కమ్మా."

ఉమారాణి తొక్కింది.

"ఇంకోపాలి" అన్నాడాయన.